రహదారికి విడిచిన నేల

తోటలోని కొబ్బరిచెట్ల మొదళ్లపై ఎఱ్ఱరంగుతో వరుసగా అంకెలు పడిన నాటినుండి ఆ యింటివారికి నిద్ర తక్కువగును. కొలువ వచ్చినవారెవరు, ఆ అంకెల యర్థమేమి, చెట్టునకు వెల యెవరు కట్టుదురు, ఇల్లు సగము పోయినచో మిగిలిన సగమున కాపురముండుట యెట్లు అని పెద్దలు అరుగుమీద కూర్చుండి తర్కించుకొందురు. ఒకరు వకీలును చూడుమందురు. మఱియొకరు మండల కార్యాలయమునకు పొమ్మందురు. సరియైన సమాధానము దొరకులోపల గడువులు కొన్ని దాటిపోవును. అందుచేత రహదారి పనికై భూమి నెట్లు సేకరింతురు, సేకరించిన పిమ్మట దాని నెట్లు కాపాడవలెను అను విషయమును నలుగురకు తెలియజెప్పుట మంచిదని మేము ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి. వినువారిలో భూమి నిచ్చువారుందురు. సేకరించు ఉద్యోగమున నున్నవారును ఉండవచ్చును. ఇరువురకును పనికివచ్చు మాటలు ఇందు గలవు.

ముందుగా మన సీమ సంగతి. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమిగాను వసిష్ఠగాను చీలి, వసిష్ఠనుండి వైనతేయ వేరుపడి, ఈ పాయల నడుమ సముద్రమువఱకు కోనసీమ ఏర్పడినది. 1847-1852 సంవత్సరముల నడుమ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట కాలువనీరు వచ్చి పంట నిలకడ చెందినది గాని, నాలుగు వైపుల నీరే యగుటచే రాకపోకల కష్టము చిరకాలము తీరలేదు. పడవయో పంటో లేక ఏటి ఆవలి యూరు చేరుట పొసగెడిది కాదు. సఖినేటిపల్లి రేవున పంటుకై ఎదురుచూచి నరసాపురము దాటినవారు మన పెద్దలలో పలువురు గలరు. పిమ్మట గౌతమిపై యానాము, ఎదుర్లంకల నడుమ వంతెన వచ్చినది. 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున అసువులు బాసిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టిరి. వైనతేయపై బోడసకుఱ్ఱు, పాశర్లపూడిల నడుమ, వసిష్ఠపై దిండి, చించినాడల నడుమ వంతెనలు లేచినవి.

ఈ మూడు వంతెనలను గ్రుచ్చి పోవు దారియే జాతీయ రహదారి 216. అది కత్తిపూడి వద్ద మొదలై కాకినాడ, ముమ్మిడివరము, అమలాపురము, రాజోలు ప్రాంతముల మీదుగా వచ్చి, నరసాపురము వైపు దాటి, మచిలీపట్టణము, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరును. 2010లో దేశమంతట రహదారుల సంఖ్యలు మార్చుటకు పూర్వము మన భాగమునకు 214 అను సంఖ్య యుండెడిది. రావులపాలెము నుండి కొత్తపేట మీదుగా అమలాపురము వచ్చు దారి దీనికి తోడు. ప్రసవవేదన పడుచున్న స్త్రీ ఆస్పత్రికి చేరుటకును, అంబాజీపేట కొబ్బరి సంతనుండి సరకు పై రాష్ట్రములకు పోవుటకును, తుపాను నాడు తీరపు జనులను తరలించుటకును ఈ దారులే దిక్కు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో చెట్లు పడి దారులు మూసుకొని పోయిన సంగతి ఇచ్చటివారు మఱచునది కాదు. కనుక దారి వలదను వాదము కోనసీమలో ఎవరికిని లేదు. ఎవరి నేల మీదుగా, ఏ ధర్మముతో అనునదియే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇచ్చట మఱింత కఠినము. మెట్టసీమలో ఊరి వెలుపల బీడు దొరకును. డెల్టాలో బీడు లేదు. మెరకయంతయు ఇండ్లు, కొబ్బరితోటలు, పల్లమంతయు వరిచేలు, మిగిలినది కాలువ, మురుగుకోడు, పుంత. ఊళ్లు దారి వెంబడినే బారులు తీరియున్నవి. ఉన్న దారిని వెడల్పు చేసినచో ఇండ్లు, అంగళ్లు పోవును. ఊరు తప్పించి బైపాసు వేసినచో తోటలు, చేలు పోవును. పైగా పల్లమున వేయు దారికి ఎత్తైన కట్ట కావలెను. కట్ట యెత్తు పెరిగిన కొలది అడుగున దాని వెడల్పును పెరుగును. ఈ కారణమున దారిపై కనబడు తారు కంటె దాని క్రింద పోయిన నేల చాల ఎక్కువ.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. కోనసీమవారికి గ్యాసు, చమురు గొట్టములు పరిచితములే. గొట్టము వేయుటకు 1962వ సంవత్సరపు చట్టము క్రింద ప్రభుత్వము నేలను వాడుకొను హక్కును మాత్రము తీసికొనును. నేల సొంతదారునిదిగనే యుండును. ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, నుయ్యి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. అందుకు మార్కెట్ విలువలో నూటికి 10 వంతున, కలిగిన నష్టమునకు వేరుగ, పరిహార మిత్తురు. రహదారి విషయము అట్టిది కాదు. నేలపై సర్వహక్కులును ప్రభుత్వమునకు పోవును. గొట్టము నాటి అనుభవము ననుసరించి దారి కాగితములపై సంతకము చేయువారు ఈ తేడా నెఱుగవలెను.

చట్టముల చరిత్ర కొంత చెప్పక తప్పదు. 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము నూఱేండ్లకు పైగా నడచినది. బలవంతముగా తీసికొనుచున్నందుకు విలువపై అదనముగా నిచ్చు సాంత్వన ద్రవ్యమును 1984లో నూటికి 15 నుండి 30కి పెంచిరి. జాతీయ రహదారులకు 1956లో ప్రత్యేక చట్టము వచ్చినది. 1997లో దానికి 3-ఎ మొదలు 3-జె వఱకు సెక్షనులు చేర్చి భూసేకరణకు వేరు మార్గ మేర్పఱచిరి. త్వరగా పని జరుగవలెనను తొందరలో సాంత్వన ద్రవ్యము అందులో లేకపోయెను. పక్కపక్క పొలములలో ఒకటి కాలువకు పోయినచో అదనపు ద్రవ్యము వచ్చుట, మఱియొకటి జాతీయ రహదారికి పోయినచో రాకుండుట ఏమి న్యాయమని రైతులు కోర్టుల కెక్కిరి. 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ భేదము రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఇకమీది కేసులకే పరిమితము కావలెనని రహదారుల సంస్థ చేసిన వినతిని 2025 ఫిబ్రవరిలో త్రోసివేసినది. ఈలోగా 2013వ సంవత్సరపు నూతన భూసేకరణ చట్టము 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చి, దాని పరిహారపు నియమములు 2015 నుండి జాతీయ రహదారులకును వర్తించుచున్నవి. కావున నేడు నడక 1956 చట్టముది, లెక్క 2013 చట్టముది.

నడక యెట్లుండును? సాధారణముగా రెవిన్యూ డివిజనల్ అధికారినో, ప్రత్యేక డిప్యూటీ కలెక్టరునో కేంద్ర ప్రభుత్వము ఈ పనికి సమర్థాధికారిగా నియమించును. మొదట 3-ఎ క్రింద ఫలానా గ్రామము, ఫలానా సర్వే నంబరు, ఇంత విస్తీర్ణము కావలెనని గెజెటులో ప్రకటింతురు. దాని సారాంశము రెండు స్థానిక పత్రికలలో, అందొకటి ప్రాంతీయ భాషలో, రావలెను. 2018 నుండి ఈ ప్రకటనల తయారీ భూమిరాశి యను కంప్యూటరు పద్ధతిలో నడచుచున్నది. ప్రకటన వెలువడిన 21 దినములలో వ్రాతమూలకముగ అభ్యంతరము చెప్పుకొనవచ్చును. అధికారి స్వయముగ విని, ఉత్తరువు చేయవలెను. పిమ్మట 3-డి ప్రకటన వచ్చును. అది వచ్చిన క్షణమున నేల సర్వబంధవిముక్తముగా కేంద్ర ప్రభుత్వమునకు చెందును. 3-ఎ వెలువడిన సంవత్సరము లోపల 3-డి రానిచో మొదటి ప్రకటన చెల్లదు. కోర్టు స్టే యున్న కాలమును మాత్రము లెక్కనుండి తీసివేయుదురు. తరువాత పరిహార నిర్ణయము, ఆ సొమ్ము డిపాజిటు చేయుట, అటుపై 60 దినముల లోపల ఖాళీ చేయుమని నోటీసు. సొమ్ము డిపాజిటు కానిదే స్వాధీనమునకు నోటీసు ఇచ్చుట చట్టసమ్మతము కాదు.

ఈ 21 దినములను గూర్చి గట్టిగా చెప్పవలెను. చాలమంది ఆ గడువులో వెల చాలదని వ్రాయుదురు. వెలకు అది సమయము కాదు. నేల వాడకమును గూర్చి చెప్పుకొనుటకు అది సమయము. కట్ట వేసినచో మా చేనికి కాలువనీరు రాదు. వర్షపునీరు మురుగుకోడు చేరదు. మా తోట రెండు ముక్కలై అవతలి ముక్కకు పుంత లేకపోవును. ఇచ్చట తూము, అచ్చట చిన్న వంతెన కావలెను - ఇట్టి మాటలు ఆనాడు వ్రాయవలెను. డెల్టాలో ఎత్తైన దారి, తూములు చాలనిచో, అడ్డుగట్టుగా మారును. అక్టోబరు, నవంబరు నెలల వానలకు కోతకు వచ్చిన వరి మునిగిన పిమ్మట తూము కోరిన ప్రయోజనము లేదు. పర్యవేక్షించు అధికారియు వేసవిలో ఎండిన చేను చూచి సంతృప్తి పడక, వానకాలమున నీరు ఏ దిక్కునకు నడచునో ఊరివారి నడిగి నక్షాపై గుర్తించుకొనవలెను.

ఇక లెక్క. నేల విలువను రెండు విధముల చూచి, అందు ఎక్కువ దానిని తీసికొందురు. ఒకటి రిజిస్ట్రేషను శాఖవారి విలువ. రెండవది చుట్టుప్రక్కల గడచిన 3 సంవత్సరముల క్రయదస్తావేజులలో హెచ్చు వెల గల సగము వాని సరాసరి. గ్రామ ప్రాంతములలో దానిని రాష్ట్రము నిర్ణయించిన గుణకముచే హెచ్చింతురు. అది 1కి తగ్గదు, 2కు మించదు. ఇల్లు, చెట్లు, నుయ్యి మొదలగువాని విలువ కలుపుదురు. ఆ మొత్తమునకు సమానముగ, అనగా నూటికి నూఱు, సాంత్వన ద్రవ్యము చేర్తురు. ప్రకటన నాటినుండి అవార్డు నాటివఱకు మార్కెట్ విలువపై సాలునకు నూటికి 12 చొప్పున మఱికొంత వచ్చును.

ఉదాహరణకు ఒక కుటుంబమునకు 30 సెంట్ల తోట పోయినదనుకొందము. ఎకరము విలువ 40 లక్షలని తేలినచో 30 సెంట్లకు 12 లక్షలు. గుణకము 1.25 అనుకొన్నచో 15 లక్షలు. చెట్ల విలువ 1 లక్ష 20 వేలు కలుపగా 16 లక్షల 20 వేలు. సాంత్వన ద్రవ్యము అంతే చేరి 32 లక్షల 40 వేలగును. ఇవి కేవలము లెక్క తెలియుటకు మేము వేసికొన్న అంకెలు. ఇందొక నీతి గలదు. స్టాంపు ఖర్చు తగ్గించుకొనుటకు క్రయపత్రములలో తక్కువ వెల వ్రాయించుకొను అలవాటు మనలో కలదు. ఒకరు మిగుల్చుకొన్న ఆ కొద్ది సొమ్ము, దారి వచ్చిన నాడు ఊరందఱి పరిహారమును తగ్గించును.

చెట్ల లెక్క యందు జాగ్రత్త మఱింత కావలెను. కాపునకు వచ్చిన చెట్టు వేరు, ఇంకను మట్ట విడుచుచున్న మొక్క వేరు. కొబ్బరి నీడన అరటి, కోకో, కంద పెంచుట మనవారి పద్ధతి. పైన చూచి కొబ్బరి నొకటే వ్రాసికొనిపోయినచో సగము తోట లెక్కకు రాదు. అందుచే ఉద్యానశాఖవారు, ఇంజనీరు, గ్రామ రెవిన్యూ అధికారి, సొంతదారు నలుగురును కలసి చెట్టు చెట్టునకు నిలిచి వ్రాయించి, ఆ కాగితమును చదివి వినిపించి, సంతకములు చేయించి, నకలు ఒకటి ఇంటివారి చేతి కీయవలెను. నేల రెండుగా చీలినందువలన మిగిలిన ముక్కకు కలుగు నష్టమును గూడ పరిహార నిర్ణయమున చూడవలెనని 1956 చట్టములోని 3-జి సెక్షను చెప్పుచున్నది. అడిగినవారికే అది జ్ఞాపకము వచ్చును గనుక అడుగవలెను.

సొమ్ము ఎవరి చేతికి పోవలెననునది వెలకంటె చిక్కు ప్రశ్న. మన పల్లెలలో పట్టా ఇంకను తాతగారి పేరనే యుండును. అన్నదమ్ములు నోటిమాటపై పంచుకొని యుందురు. అత్తవారింటికి పోయిన ఆడపడుచుల నెవరును తలపరు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుండియే ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు జన్మహక్కు నిచ్చు శాసనము వచ్చినది. 2005లో దేశమంతటికిని వచ్చినది. వారి పేరు విడిచి వ్రాసిన పంపకము పిమ్మట కోర్టుకు పోవును. సొమ్మును కోర్టులోనే యుండిపోవును. గ్రామకంఠములోని ఇండ్లకు తరచుగా పట్టా కాగితమే యుండదు. అంతమాత్రమున ఆ ఇంటికి విలువ లేదని తలచుట తప్పు. ఇంటిపన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు, ఇరుగుపొరుగు వాఙ్మూలము ఇట్టిచోట అక్కఱకు వచ్చును.

అన్నిటికంటె మౌనముగా నష్టపోవువాడు కౌలుదారు. కోనసీమలో సొంతదారులు పలువురు పట్టణములలో, దూరదేశములలో నుందురు. చేను దున్నువాడు, తోట చూచుకొనువాడు వేఱు. అతని కౌలు నోటిమాట. 2011లో ఋణ అర్హత కార్డుల చట్టమును, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమును వచ్చినను, హక్కు పోవునేమోయను భయమున కాగితముపై సంతకము పెట్టుటకు సొంతదారులు వెనుదీయుట చూచుచునే యున్నాము. దారి వచ్చిన నాడు సొంతదారునకు పరిహారము వచ్చును. పదేండ్లుగా ఆ నేలపై బ్రదికినవానికి రేపటి కూడు పోవును. దింపు తీయువారికిని, కాయ ఒలుచువారికిని అట్లే. 2013 చట్టము సేకరణకు ముందు 3 సంవత్సరములుగా ఆ నేలపై జీవనాధారము గల కౌలుదారులను, వ్యవసాయ కూలీలను బాధిత కుటుంబముల లెక్కలో చేర్చినది. పరిహారము నిర్ణయించుటకు ముందు ఆసక్తి గలవారందఱు రావలసినదని 3-జి క్రింద పత్రికాప్రకటన చేయవలెను. ఆ పిలుపు పట్టాదారున కొక్కనికే కాదు. కౌలుదారు గూడ వ్రాతమూలకముగ తన సంగతి చెప్పుకొనవచ్చును. కాని అతడు గెజెటు చదువడు, పత్రిక మూలన పడిన చిన్న యక్షరములు చూడడు. ఈ ప్రకటనను గ్రామ సచివాలయము గోడపై అంటించి, దండోరా వేయించి, చేలో నున్నవానిని పేరు పెట్టి అడుగుట చట్టము చెప్పిన పనికి మించిన పని కావచ్చును. మంచి అధికారికిని, కాగితమును మాత్రము నింపు అధికారికిని గల భేదము అచ్చటనే తెలియును.

నిర్ణయించిన సొమ్ము చాలదని తోచినచో కేంద్ర ప్రభుత్వము నియమించిన మధ్యవర్తికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆయన హెచ్చించిన మొత్తమునకు, స్వాధీనపు తేదీ నుండి నూటికి 9 చొప్పున వడ్డీ కలదు. తనకు తోచిన సొమ్మును అభ్యంతరముతో స్వీకరించుచున్నానని వ్రాసి తీసికొనుట జాగ్రత్తయగు పద్ధతి. వాటాల తగవు వచ్చినచో ఆ సంగతిని జిల్లాలోని ప్రధాన సివిలు కోర్టుకు నివేదింతురు.

నేల చేతికి వచ్చినంతనే ఉద్యోగి పని తీరినదనుకొనుట పొరపాటు. రాళ్లు పాతవలెను. కొలతల పుస్తకములో సర్వే నంబరును విభజించి, అడంగలులోను, 1-బి రిజిస్టరులోను పేరు మార్పింపవలెను. ఇది చేయనందువలన కలుగు చిక్కులు ఇన్ని యన్ని కావు. పరిహారము పుచ్చుకొన్న నేల పాత పేరుననే నిలిచియుండి, దానిపై బ్యాంకు ఋణము పుట్టును; ఏమియు నెఱుగనివాడు దానిని కొనును; వాని ఇల్లు పైకి లేచిన పిమ్మట ఆక్రమణ యని నోటీసు పోవును. రహదారి భూమిపై ఆక్రమణల తొలగింపునకు, ప్రక్కదారుల అనుమతికి 2002వ సంవత్సరపు చట్టము కలదు. కాని తొలగించుట కంటె ముందే హద్దు చూపుట మేలు. మలుపులు సరిచేసినపుడు విడిచిన పాతదారి ముక్కలు, కట్టకు మన్ను త్రవ్విన గోతులు, వంతెనల క్రింది జాగాలు - వీనికన్నిటికి నొక రిజిస్టరు పెట్టి, ఏటేట కొలిచి చూడవలెను. ప్రజలనుండి బలవంతముగా తీసికొన్న నేల చెత్తకుప్పగనో, బలవంతుని కొట్టుగనో మారినచో, ఇచ్చినవాని కడుపుమంట తీరదు.

గృహస్థులకు మేము చెప్పునది క్లుప్తముగ నిది. పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, పన్ను రసీదులు, వారసత్వ కాగితములు దారి వార్త వినకముందే సరిచేసి యుంచుకొనుడు. ప్రకటన తేదీని గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టి 21 దినములు లెక్కించుకొనుడు. చెట్ల పట్టీ నకలు అడిగి తీసికొనుడు. మీ చేను దున్నువాని పేరు మీరే అధికారికి చెప్పుడు. దానివలన మీ హక్కున కేమియు లోటు రాదు.

కొబ్బరిమొక్క నాటినవాడు దాని కాయ కొఱకు ఏండ్ల తరబడి ఎదురుచూచును. పిమ్మట ఆ చెట్టు రెండు తరములను పోషించును. దానిపై అంకె వేయుటకు అరనిమిషము చాలును. ఆ అంకె వేయు చేతికి ఈ సంగతి తెలిసియున్నచో, వేయించుకొన్న ఇంటివారికి తమ హక్కులు తెలిసియున్నచో, ఆ దారిపై వంతెన దాటి పోవునపుడు ఇచ్చినవాడును తలయెత్తుకొని పోగలడు.